ఊర్వి బూట్లు

బాబాయికి నైట్ డ్యూటీ వారం మొదలవగానే పిన్ని కుక్కర్ విజిల్ తీసి వంటింటి గోడకున్న మేకుకి తగిలిస్తుంది. ఆ వారమంతా పప్పు విడిగిన్నెలో, మూత వారగా పెట్టుకుని, పొద్దెక్కేదాకా ఉడుకుతుంది. సింకులో పాత తువ్వాలు పరిచి, దానిమీద పెట్టి గిన్నెలు తోముతుంది. గాజులు మోచేతి దాకా ఎగదోసి రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. బాబాయి స్టీలు ప్లాంటు నుంచి వచ్చి, తిని పడుకున్నాడంటే, సాయంత్రం దాకా మా మరోదా సెక్టర్ క్వార్టర్లో మనుషులున్నట్టు గోడలక్కూడా తెలియదు.

నేను పార్వతీపురం పక్కన మా ఊళ్ళో పది పాసై, పైచదువుకని పిన్ని దగ్గరికి వచ్చాను. వచ్చిన మర్నాడే నా చేతిలోంచి స్టీలు కంచం జారిపడింది. బాబాయి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "రాత్రంతా ఫర్నేస్ కాడ కాలిపోయొచ్చినోడికి నిద్దర కూడా నేదేటి ఈ ఇంట్లో?" అన్నాడు, నన్ను కాదు, పిన్నిని. "ఇంకోపాలి సప్పుడైతే మీ అక్క కూతుర్ని బండెక్కించీ." అతని కళ్ళు నిజంగానే నిప్పుల్లా ఉన్నాయి, నాకు జాలి కూడా వేసింది. పిన్ని కళ్ళకింద నలుపు మాత్రం నేను చాలా రోజులకి గానీ చూడలేదు. ఆమె పగలు పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. రాత్రి పడుకుంటుందిగా అంటారు. రాత్రి క్యారేజీ కట్టి పంపి, పొద్దున అతను వచ్చేసరికి వేడినీళ్ళు పెట్టాలి. మార్నింగ్ డ్యూటీ వారాల్లో, ఇంట్లో ఎవరూ నిద్రపోని మధ్యాహ్నాల్లో కూడా, పిన్ని మునివేళ్ళ మీదే నడుస్తుంది. ఎందుకని అడిగితే, "ఏమోనే, కాళ్ళకి అలా అలవాటైపోయింది" అంది.

అప్పట్నించీ నేనూ అలాగే అయిపోయాను. బయటంతా హిందీ, నాకు రాదు కాబట్టి మాట్లాడను. ఇంట్లో చప్పుడు కాకూడదు కాబట్టి మాట్లాడను. మిగిలిన మాటలు డైరీలో రాసుకుంటాను.

మధ్యాహ్నం పనయ్యాక పిన్ని బియ్యంలో రాళ్ళేరుతూ, నేను బట్టలు మడతపెడుతూ టీవీ చూసేవాళ్ళం, సౌండ్ పూర్తిగా తీసేసి. 'దూర్ గ్రహ్' అని హిందీ సీరియల్. ఒక ఓడ ఆకాశంలో ఎక్కడో ఉన్న గ్రహానికి వెళుతుంటుంది. వందల ఏళ్ళ ప్రయాణం. అందరూ గాజుపెట్టెల్లో నిద్రపోతుంటారు. ఊర్వి అనే అమ్మాయి ఒక్కతే మెలకువగా ఉండి గాలి, నీళ్ళు, వాళ్ళ గుండెలు కొట్టుకోవడం అన్నీ చూసుకుంటుంది. "ఈ పిల్లకి ఎవులైనా ఓ గ్లాసుడు టీ ఇస్తారేటే?" అని పిన్ని ఓసారి గుసగుసగా అడిగింది. ఇద్దరం నోటికి చీరకొంగూ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాం.

ఆఖరి భాగంలో నిద్రపోతున్నవాళ్ళంతా లేచిపోయారు. గ్రహం ఇంకా ఎంతో దూరముంది. ఇక వాళ్ళు దారిలోనే ముసలివాళ్ళయిపోతారు.

పిన్ని కొడుకు రాజేంద్ర అన్నయ్య ఆ సీరియల్ అభిమానులకి ఒక గ్రూప్ నడుపుతాడు. అంతా ఇక్కడి ప్లాంటు సెక్టర్లలో పెరిగిన తెలుగువాళ్ళే, సగం హిందీలో కొట్టుకుంటారు. ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్లో అందరూ కలిసి మాట్లాడుకుంటారు. నాన్న నిద్ర చెడకూడదని అన్నయ్య పెరట్లో జామచెట్టు కింద కూర్చుంటాడు. ఆ వారం నేను టీ పట్టుకెళ్ళేసరికి ఫోన్లోంచి గొంతులు, ఊర్వి సైరన్ మోగించి అందర్నీ ఎందుకు లేపిందని. "పాగల్ హో గయీ ఊర్వి, ఇంకేటి లేదు." "కాదు భాయ్, కెప్టెన్ మీద ప్యార్." "గద్దార్. అందరి బతుకూ బర్బాద్ చేసింది." పిచ్చి, ప్రేమ, ద్రోహం, ప్రతివాడి దగ్గరా ఊర్వి మీద ఒక నేరముంది.

మా మాట అటు వినపడకుండా ఫోన్ నొక్కి, అన్నయ్య టీ అందుకున్నాడు. నాకెక్కడి ధైర్యం వచ్చిందో, "అన్నయ్యా, మొదటి భాగం నుంచీ ఆమె బూట్లు చేత్తో పట్టుకుని నడుస్తుంది, చూశావా?" అన్నాను. "గాజులోంచి వాళ్ళకేం వినపడుతుంది? అయినా బూట్లు వేసుకోదు."

"సౌండ్ లేకుండా సీరియల్ చూసిందంట, నాకు చెప్తున్నాది" అని నవ్వాడు. "ఎల్లు, బిస్కెట్లు తే."

బిస్కెట్లతో గుమ్మం దాటుతుంటే అతని గొంతు వినపడింది. "ఒక పాయింట్ నేను నోట్ చేశాను. ఎవరూ చూసుండరు. బూట్లు." ఫోన్లో, ఇక్కడే క్యాంప్ వన్‌లో ఉండే అరుణకుమారి దీదీ గొంతు, "వాహ్ రాజేంద్రా! ఏం కళ్ళురా నీవి!" అంది. నేను పళ్ళెం మెట్టు మీద పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. నా బాధ బూట్ల గురించి కాదు. ఈ ఊరొచ్చాక నేను పైకి అన్న మొదటి సొంత మాట అదే.

పిన్ని అంతా విన్నట్టుంది. కందిపప్పు కడుగుతున్నదల్లా ఆగి నావైపు చూసింది.

కాసేపటికి అన్నయ్య ఫోన్ గుండెకి ఆనించుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మూ, జల్దీ చెప్పు. బూట్లు సరే, మరి అందర్నీ ఎందుకు లేపింది? దీదీ నన్నే అడుగుతున్నాది."

నాకు తెలుసు. అటు తిరిగి కంచాలు తుడవడం మొదలుపెట్టాను.

"దానికే ఇయ్యరా ఫోను" అంది పిన్ని. మామూలు గొంతుతో అంది. నైట్ డ్యూటీ వారంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఇదా? దీని హిందీతోనా? నవ్వి చస్తారమ్మా."

పిన్ని విడిగిన్నెలో పోసిన పప్పుని కుక్కర్లోకి వంచింది. మూత బిగించింది. మేకు మీంచి విజిల్ తీసింది. ఒక్క క్షణం దాన్ని పైటతో తుడుస్తూ నిలబడింది. మళ్ళీ తగిలించేస్తుందనుకున్నాను. కుక్కర్ మీద పెట్టి, మంట పెద్దది చేసింది.

"అమ్మా! నాన్న లెగుస్తాడు!"

"లెగనీ."

రబ్బరు బ్యాండు తీసేసింది. గాజులన్నీ ఒక్కసారి మణికట్టు మీదికి జారాయి. మా ఊరికెళ్ళే రైలు, దాంట్లో నా ట్రంకు పెట్టె కళ్ళముందు కదిలాయి. ముగ్గురం కుక్కర్ వైపే చూస్తూ నిలబడ్డాం. అది సన్నగా బుసలు కొట్టింది, ఊగింది, తర్వాత ఇల్లంతా దద్దరిల్లేలా కూసింది.

"అదేటి చప్పుడు రాజేంద్రా?" అని ఫోన్లో దీదీ అడుగుతోంది. లోపల మంచం కిర్రుమంది. "ఎవులే అది?" అని బాబాయి కేక.

"నేనే" అని పిన్ని గదివైపు నడిచింది. మడమలు నేలకి ఆనించి, ధన్‌ధన్‌మంటూ.

నేను అన్నయ్య చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. "దీదీ, నేను అమ్ముని, రాజేంద్ర చెల్లెల్ని. బూట్ల సంగతి చెప్పింది నేను" అన్నాను తెలుగులోనే. "మీరంతా సైరన్ విన్నారు. నేను వినలేదు, చూశాను. సైరన్ మీది ఎర్రలైటు వాళ్ళు లేచాకే వెలిగింది. ఊర్వి ఏ మీటా నొక్కలేదు. నేలమీద కూర్చుని బూట్లు తొడుక్కుని, ఊరికే మామూలు మనిషిలా నడిచింది. వాళ్ళని ఆమె లేపలేదు దీదీ. వాళ్ళే లేచారు."