చెంప ఆనిన చోటు

"అద్దంలా చేసిచ్చినా ఈ సాధింపేమిటే?" అన్నాడు భర్త.

"అద్దం ఎవరడిగారండీ? స్ప్రింగు మార్చమన్నాను. తల దువ్వమంటే గుండు గీసినట్టుంది మీ నిర్వాకం!"

పాత ఎయిర్ రైఫిళ్ళు సేకరించి బాగుచేయడం అతని సరదా. ఈసారి చేతికొచ్చింది కాలంచేసిన మామగారి తుపాకీ. ఏళ్ళ తరబడి గురిచూడగా మామగారి చెంప ఆనేచోట చెక్క నల్లగా, నున్నగా అరిగిపోయింది. తండ్రి గుర్తొచ్చినప్పుడల్లా భార్య అక్కడే తన చెంప ఆనించుకునేదని అప్పటికి అతనికి తెలియదు. మురికనుకుని ఉప్పుకాగితంతో రుద్దేసి, పాలిష్ పట్టించాడు.

"అమ్మ రోజూ చెంప ఆనించుకునేది అక్కడే. మళ్ళీ మునుపటిలా చెయ్యలేవా నాన్నా?" అడిగింది కూతురు.

రంగయితే ఎలాగోలా తెప్పించగలడు. ఆ చెంపను ఎక్కణ్ణుంచి తెస్తాడు?

భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక, ఆమె పిల్లలవైపు తిరిగి మెల్లగా చెప్పింది: "దాన్ని మీ నాన్నగారి తుపాకుల్లో కలిపెయ్యండి. నా గదిలో ఇక వద్దు."