కేస్లీ మట్టిపూస

శ్రావణమాసపు గురువారము. తెల్లవార్లు కురిసిన వాన వేకువకు వెలిసి పాతవంతెన కమానుల క్రింద మూసీనది ఎఱ్ఱమన్ను కలిపికొని సుడులు తిరుగుచు పాఱుచుండెను. మబ్బుల సందున తలచూపిన బాలభానుని లేతవెలుగు వీథినడుమ నిలిచిన నీటిమడుగులయందును కడిగి బోర్లించిన యిత్తడిచెంబుల కడుపులయందును గోనెపట్టాలపై పఱచిన పగిలిన పింగాణీగిన్నెల యంచులయందును ఒక్కమాఱుగా మెఱసి చూపరుల కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండెను. నడువని గడియారములును మూతలేని కూజాలును ఏ తాతగారివో తెలియని ఛాయాపటములును జోడు తప్పిన పాంకోళ్లును పాముచర్మమువలె పొరలూడిన తోలుపెట్టెలును కుప్పలు కుప్పలుగా పడియున్న యా జుమ్మెరాతు బజారను గురువారపు సంతలో లేని వస్తువు లేదు. పనికివచ్చు వస్తువు మాత్రము వెదకికొనవలయును.

వెదకుటలో ఆరితేఱిన పెద్దమనిషి యొకడు ఆ సంతకు వారము తప్పక వచ్చుచుండెను. ఆతని పేరు వేదాద్రి. ముప్పదియేండ్లు బడిపిల్లలకు చిత్రలేఖనము నేర్పి విశ్రాంతి గొన్న తరువాత పాతపూసలను సేకరించుటయే పనిగా పెట్టుకొన్నవాడు. చంకలో గొడుగును జేబులో భూతద్దమును తలలో పూసల పిచ్చియు పెట్టుకొని బయలుదేఱు మగనిని చూచి అలమేలమ్మ సవతులను చూడ పయనమైతిరా యని పరిహసించుటయు ఆతడు చెవులు వినబడనివానివలె చెప్పులు తొడుగుకొనుటయు ఆ యింట ప్రతి గురువారమును జరుగు వేడుక.

పూసలను పరీక్షించుట కాతని కొక పద్ధతి కలదు. దొరకిన పూసను పంచెకొంగుతో తుడిచి క్రిందిపెదవికి తాకించును. చల్లగా తగిలి ఆ చల్లదనము నిలిచెనా అది రాయి. చల్లగా తగిలి అంతలో జాఱిపోయెనా అది గాజు. వెచ్చగా తగిలెనా లక్కయో ప్లాస్టిక్కో మట్టియో ఏదైననేమి పాఱవేయదగినది. ఈ పరీక్షలో వేదాద్రి తప్పినట్లు ఆ సంతలో ఎవ్వరు నెఱుగరు. ఎవ్వరు నెఱుగరన్న సంగతి ఆతనికి చక్కగా తెలిసియుండుటయే చిక్కు.

ఆనాడు ఖాజామియా యను పాతసామానుల వర్తకుడు తుప్పుపట్టిన యినుపపెట్టె నొకదానిని తెఱచి పెట్టుకొని కూర్చుండెను. పెట్టె యడుగున పఱచిన పాతకాగితము క్రింద మసిగుడ్డ మూట యొకటి వేదాద్రి చేతికి తగిలెను. విప్పిచూడగా నల్లదారమున ముడిముడికి నడుమ గ్రుచ్చిన పూసలపేరు. నూనెయు పొగయు ఏండ్ల తరబడి పట్టి పూసలన్నియు బొగ్గుముక్కలవలె నుండెను. ఒకదానిని ఉమ్మితో తడిపి రుద్దెను. దానిమ్మగింజ వన్నె బయటపడెను. ఇంకను రుద్దెను. ఆ యెఱుపుమీద వెండ్రుకవంటి తెల్లనిగీతలు అల్లికగా తేలెను. పెదవికి తాకించెను. ఆ చల్లదనము నూతిలోని నీరువలె నిలిచియుండెను.

ఔరా! అకీకుఱాతిని నునుపుదేల్చి క్షారముతో గీతలు దిద్ది నిప్పులలో కాల్చు నా విద్య యెన్నడో మాసిపోయినది. రెండువేలయేండ్ల క్రిందట ఏ యూరి పనివాడో ఏ యావము ముందర కూర్చుండి చెమటోడ్చుచు దిద్దిన గీత యిదిగో ఈ బురదసంతలో నేటి యెండకు నవ్వుచున్నది. రాజ్యములు వచ్చినవి పోయినవి. కోటలు కూలినవి. ఈ గోరంత పూస మాత్రము చెక్కు చెదరలేదు. వేదాద్రికి కన్నులు చెమర్చెను. బేరమాడుట మఱచి అడిగినంతయు ఇచ్చి మూటను గుండెల కదుముకొని యిల్లు చేరెను.

ఇక్కడనే ఆతడు పూసల పిచ్చివారు మాత్రమే చేయగల తప్పు చేసెను. దారము మురికిదని కత్తెరతో ముడులన్నియు కత్తిరించి పూసలను కుంకుడురసములో నానబెట్టెను. పదకొండు పూసలలో పది ఎఱ్ఱని యకీకులు. భూతద్దముతో ఒక్కొక్కదానిని గంటసేపు చూచి మురిసెను. పదకొండవది మాత్రము బూడిదవన్నె గల వంకర మట్టిపూస. పెదవికి తాకించెను. వెచ్చగా తగిలెను. చోటు నింపుటకు ఎవరో గ్రుచ్చినది కాబోలునని దానిపై భూతద్దమైనను పెట్టక కుంకుడునీళ్లతోడ పెరటి మల్లెకుండీలో పాఱబోసెను. మిగిలిన పదింటిని మఖమలు సంచిలో నుంచుకొని వారమంతయు ఏనుగెక్కినంత సంబరముతో తిరిగెను.

మఱుసటి గురువారము సంతలో లంబాడీ ముసలమ్మ యొకతె పట్టానుండి పట్టాకు తడవుకొనుచు వచ్చుచుండెను. అద్దాల ఱవికె వన్నె తగ్గినది. కన్నులలో పొరలు కమ్మినవి. ప్రతి కుప్పలోను చేయి పెట్టి పూస యేదైనను తగిలినచో తీసి క్రిందిపెదవికి తాకించి తల యడ్డముగా నూపి యుంచివేయుచుండెను. దూరమునుండి ఇది చూచిన వేదాద్రి నిశ్చేష్టుడయ్యెను. ఈ పరీక్ష తన సొత్తని యాతడు అంతవఱకును అనుకొనియుండెను.

ఆమె పేరు సక్రీబాయి. వికారాబాదు చేరువ తండానుండి తెల్లవాఱుజాముననే బస్సెక్కి వచ్చినది. మనుమరాలి పెండ్లికని యిల్లు సున్నము వేయించుచు కోడలు పాత యినుపపెట్టెను పాతసామానులవానికి ఇచ్చివేసినదట. పెట్టెలో ఏమున్నదో పాపము కోడలికి తెలియదు. వినిన ఖాజామియా వ్రేలితో వేదాద్రిని చూపెను గాని ముసలమ్మకు ఆ వ్రేలు కనబడదు. చదువరీ, తప్పించుకొని పోవుటకు మాస్టారికి అంతకన్న మంచి యదను చిక్కబోదు. రెండువేలయేండ్ల వింత జేబులో నున్నది. అడుగు వెనుకకు వేసిన చాలును.

ఆతడు ముందుకే వేసెను. ఆమె చేయి పట్టి టీకొట్టు బల్లపై కూర్చుండబెట్టి మఖమలు సంచిని ఆ యరచేతిలో కుమ్మరించెను.

సక్రీబాయి పూసలను లెక్కింపలేదు. ఒకటి తీసి పెదవికి తాకించెను. "ఈమె హీరీ," అని తొడపై నుంచెను. మఱియొకటి తాకించి కొంతసేపు వ్రేళ్లతో త్రిప్పెను. "ఈమె సోనీ. ఈమెకు చెంపకు సొట్ట ఉంటది." వేదాద్రి వంగి చూచెను. భూతద్దముతో గంటసేపు చూచియు తాను కనుగొనని సన్నని నొక్కు ఆ పూసప్రక్కన నిజముగనే యున్నది. ధర్మీ జాల్కీ మంగ్లీ యనుచు ఒక్కొక్కపేరు చెప్పుచు ఆమె పూసలను వరుస దీర్చుచుండెను. తాను ఱాళ్లని కొన్నవి మనుష్యులు.

ఆ యింటి ఆచార మామె మాటలవలన తెలిసినది. కూతు నత్తవారింటికి పంపు తల్లి తొలకరి వానకు దుక్కిలో బయటపడిన పూసను స్వయముగా ఏఱి తెచ్చి కూతుపేర తన మెడలోని పూసలపేరులో గ్రుచ్చి దానిని కూతుమెడలో వేయును. అట్లు తల్లినుండి కూతునకు పదకొండు తరములు నడచినది. కడపటిపూస సక్రీబాయి కూతురు లాలీది. లాలీ పసిబిడ్డను తల్లి యొడిలో విడిచి కన్ను మూసినది. ఆ బిడ్డయే సరిత. ఆదివారము పెండ్లి.

పదియు వరుస దీర్చిన పిమ్మట నాలుగవదాని ప్రక్క నామె చేయి ఆగిపోయెను. అరచేయి తడవుకొనెను. బల్ల తడవుకొనెను.

"పదకొండు మంది సారు. ఐదో ఆమె కేస్లీ లేదు. ఆమె మట్టిది."

వేదాద్రికి పెరటి మల్లెకుండీ కన్నులకు కట్టెను. కేస్లీ పెండ్లినాటికి ఆ తావున మూడేండ్లు వానలు లేవట. వాన లేనిదే దుక్కిలో పూస తేలదు. అప్పుడు కేస్లీ తల్లి ఎండిన కుంట యడుగున చేతులతో త్రవ్వి తడి తగిలిన మన్ను తీసి పూస చేసి పొయ్యిలో కాల్చి గ్రుచ్చినదట. అంత కరవులోను తెగని పేరును తాను కత్తెరతో తెంచినాడు. ఎక్కడ పడవేసినది దాపక చెప్పివేసెను. సక్రీబాయి కోపగింపలేదు. అదియే ఆతనికి మఱింత బాధగా నుండెను.

"తల్లి లేని పిల్ల సారు. తల్లి పూసతోనన్న అత్తగారింటికి పోవాలె. నడుమ తెగిన పేరు ఎయ్యద్దు. ఏస్తే అవతలి ఆమెలంత ఇవతలి ఆమెలకు పరాయోళ్లయితరు," అని మెల్లగా చెప్పెను.

ఇరువురును ఆటో యెక్కి యింటికి వచ్చిరి. సంగతి విన్న అలమేలమ్మ మగనిని ఒక్కచూపు చూచి అవ్వకు పీటవేసి మంచినీళ్లిచ్చి కొంగు బిగించి పెరటిలోనికి నడచెను. వారమంతయు వాన. కుండీనిండ పూచిన మల్లె. చెట్టును వేళ్లతోడ పెల్లగించి మన్ను గోనెపై కుమ్మరించి దంపతులిరువురును మోకాళ్లపై కూర్చుండి గడ్డగడ్డయు చిదిపిరి. ముత్యములను పగడములను కంటికొసతో ఏఱిన ఘనుడు మంటిలో మంటిపూసకై వెదకుచుండెను! వెదకుచున్న వస్తువును చుట్టునున్నదానినుండి వేఱుచేసి చూపునది ఏదియు లేదు. తడికి నాని విడిపోయెనేమో యని ఆతడు భయపడెను. తల్లీ దొరకుము తల్లీ యని తనకు తెలియకయే పైకి పలుకుచుండెను.

వేళ్లముద్ద నడుమ వ్రేలికి గట్టిగా నేదో తగిలెను. నీళ్లతో కడిగెను. వంకర బూడిదపూస. చెక్కు చెదరలేదు.

అప్పుడు వేదాద్రి మొదటిసారిగా దానిపై భూతద్దము పెట్టెను. పూసప్రక్కన ఒకచోట సన్నని వలయములు ఒకదానిలో నొకటిగా తిరిగియున్నవి. అవి యే పనివాడును దిద్దిన గీతలు కావు. బొటనవ్రేలి ముద్ర. కరవునాటి ఆ తల్లి పచ్చిమన్నును కూతుకొఱకు నొక్కినపుడు పడిన గుర్తు చర్మపు ముడుతలతో సహా నిలిచియున్నది. ఆతని చేతిలోని భూతద్దము నేలజాఱెను. ఆతడు రెండుచేతులను జోడించెను.

పూసను ముసలమ్మ యరచేతిలో నుంచగా ఆమె దానిని పెదవికి తాకించి చాలసేపు అట్లే యుంచుకొనెను. పొరలుగమ్మిన కన్నులనుండి నీరు కాఱెను. "వెచ్చగుంటది కేస్లీ. ఎప్పుడూ గంతే," అని నవ్వెను.

అలమేలమ్మ తెచ్చిన నల్లదారమున సక్రీబాయి పదకొండు పూసలను ముడిముడికి నడుమ మరల గ్రుచ్చెను. గ్రుచ్చి దారపుకొన నట్లే పట్టుకొని యుండిపోయెను. పండ్రెండవదియైన సరిత పూస యింకను దొరకలేదు. ఒకనాటి దుక్కులన్నియు నేడు ప్లాట్లు. సిమెంటునేలపై ఎంత వాన కురిసిననేమి పూస తేలునా? వేదాద్రి లోనికి పరుగెత్తి తన భరిణెలన్నిటిలోను మేలైన నీలిపూసను తెచ్చి ఆమె ముందుంచి స్వీకరింపుమని వేడుకొనెను. ఆమె తాకించి చూచి చల్లని పూస యని మెచ్చి తిరిగి యిచ్చివేసెను.

"కొన్న పూస పనికిరాదు సారు. నేల ఇయ్యాలె. మా చెయ్యి అందుకోవాలె."

ఆ మాట యనుచునే ఆమె చేయి ప్రక్కనున్న గోనెపై పడెను. కేస్లీ ఎనిమిదినాళ్లు పండుకొన్న మన్ను అక్కడ వాననీటితో తడిసి మెత్తగా నుండెను. వ్రేళ్లు దానిని గుర్తించినట్లు కొంతసేపు కదలకుండెను. పిమ్మట చిటికెడు మన్ను తీసి రెండరచేతుల నడుమ మెల్లగా ఉండచేయ మొదలిడెను. ఆమె అడుగకమునుపే అలమేలమ్మ అటుకమీది కుంపటిని దింపి బొగ్గులు పోయసాగెను.

వేదాద్రి పీట ప్రక్కన నేలమీదనే చతికిలబడెను. విశ్రాంతి గొన్న నాలుగేండ్లలో ఎన్ని వేల పూసలను చూచెనో ఆతనికే తెలియదు. ఒకదాని వయస్సు వేయేండ్లనియు మఱియొకదానిది రెండువేలనియు వాదించినవాడు. సక్రీబాయి పుల్లతో నడుమ తూటుపొడిచి ఆ పచ్చిపూసను బొటనవ్రేలితో నొక్కి యెండకు పట్టెను. క్రొత్తముద్ర తడితడిగా మెఱసెను. పూస పుట్టుట చూచుట ఆతని కదియే మొదలు.