దొర బండికి జాలి

మా దొర బండి ఉడికితే రఘునాథపల్లి స్టేషన్లో జనం టిక్కెట్లు కొనుక్కునేవారు. దూరం నుంచి ఆ ఆవిరి చూసి కాజీపేట రైలు వచ్చేసిందనుకునేవారు పాపం. ఒకసారి స్టేషన్ మాస్టరు పచ్చజెండా కూడా ఊపాడు. నమ్మకపోతే మీ ఇష్టం. ఉడికింది బండి, నడిపింది నేను.

దొరలకు వెట్టి చెయ్యొద్దనే సంఘం మాట ఊళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా ఊరు రఘునాథపల్లికీ జనగామకూ నడుమ. దొరకు ఒక పాత విలాయతి కారు ఉండేది. మానుకోటలో ఉన్న బామ్మర్ది ఇంటికి పోతుంటే తొర్రూరు దగ్గర దాని ఇంజను పగిలింది. ఎడ్లను కట్టి లాక్కొచ్చాం. యుద్ధం అయిపోయి మిలిటరీ వాళ్లు పాత సామాను అమ్ముకుంటున్నారని విని దొర సికింద్రాబాదు నుంచి ఒక లారీ ఇంజను తెప్పించాడు. జనగామ మెకానిక్ తుల్సీరాం నెలరోజులు కుస్తీ పట్టి దాన్ని కారులో కూర్చోబెట్టాడు. మేకపిల్లకు దున్నపోతు గుండె పెట్టినట్టయింది. బండి ఉరికింది, కాదనను. కాని రెండు మైళ్లు పోగానే ముందున్న నీళ్లపెట్టె సలసలా కాగి మూత ఎగిరేది.

దొర దానికొక మందు కనిపెట్టాడు. రోడ్డు పొడుగునా రెండు మైళ్లకొక ఆడమనిషిని నీళ్లకడవతో నిలబెట్టడం. కూలి లేదు, వెట్టి. దొర ఏ పూట బయలుదేరతాడో దొరకే తెలియదు కాబట్టి వాళ్లు పొద్దున్నే వచ్చి నిలబడాలి. జనగామ దోవలో రెండో మైలురాయి దగ్గర నిలబడేది గట్టమ్మ. గట్టమ్మ ఎవరో కాదు, నా భార్య.

నేను బండి ఆపేవాణ్ని, ఆమె నీళ్లు పోసేది. దొర ముందు మేం మొగుడూ పెళ్లాలం కాము.

"పిల్ల ఏడుస్తున్నదా?" అని మూత తిప్పుతూ గొణిగేవాణ్ని.

"ముందుగాల బండి ఏడుస్తున్నది, దాన్ని సముదాయించు" అనేది.

పిల్లకు అయిదో నెల. మా అమ్మ ఒళ్లో పెట్టి వచ్చేది. ఒకనాడు ఇంటికి పోయేసరికి గట్టమ్మ అరుగు మీద కూర్చుని కాళ్లు చాపి చూపించింది. రోడ్డు కంకర కాలి అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"ఏమయ్యో, నువ్వు దొరకు డ్రైవర్వా, నా కడవకు డ్రైవర్వా? ఎండలు ఇంకా రెండు నెలలున్నయి. పిల్లకు తాపే పాలు నా కాడనే ఇగిరిపోతున్నయి. గా బండికి ఏదన్న జేస్తవా, నన్నే జెయ్యమంటవా?"

ఆమె చేస్తే బండి మిగలదని నాకు తెలుసు. మర్నాడే తుల్సీరాంను పట్టుకొచ్చాను. అతను బానెట్ ఎత్తి చూసి, దొర వినేలా అన్నాడు.

"సాబ్, ఇంజన్ పెద్దగైంది. మీ జాలి చిన్నగున్నది. లారీ జాలి పెడ్తే బానెట్ మూత పడదు. కొత్త జాలి జేపియ్యాలె."

నీళ్లపెట్టె నడుమ గాలి దూరేందుకు జల్లెడ లాంటిది ఉంటుంది చూడండి, మెకానిక్కులు దాన్ని జాలి అంటారు. ఆ సంగతి తెలిసింది తుల్సీరాంకూ నాకూ మాత్రమే. పొద్దుగూకేసరికి ఊరంతా ఒకటే మాట. "దొరకు జాలి లేదట! జనగామ మెకానిక్ మొకం మీదనే జెప్పిండట!"

"గీ ముచ్చటకు జనగామ దాక పోవాల్నా?" అంది గట్టమ్మ. "నన్నడిగితె నేను జెప్పకపోదునా!"

దొర జాలి చేయించుకురమ్మన్నాడు. ఇత్తడి పని అంటే పెంబర్తి. అక్కడ రాజమౌళి అని, గుడి కలశాలూ దేవుళ్ల ముఖాలకు తొడుగులూ చేసే పెద్ద పనివాడు. నా మాట విని సుత్తె పక్కన పెట్టాడు.

"దొర పని ముట్టద్దని సంఘపోల్లు చెప్పిపోయిండ్రు తమ్మీ."

"గిది దొర పని గాదన్నా. నా పెండ్లం నెత్తి మీది కడవ దించే పని."

ఆయన నములుతున్న ఆకువక్క ఉమ్మేసి మళ్లీ సుత్తె అందుకున్నాడు. "గట్లయితే జేస్త. ఎవ్వలన్న అడిగితే గట్టమ్మ జాలి అని చెప్పు. దొర పేరు తియ్యకు."

తుల్సీరాం కొలతలు చెప్పాడు, రాజమౌళి చేశాడు. తెచ్చి బండికి పెడితే పెద్దోడి చెప్పులో చంటిపిల్ల కాలులా ఉంది.

"ఇరువై అంగుళాలన్న గద అన్నా!" అని తుల్సీరాం తల పట్టుకున్నాడు.

"ఇరువై అంగుళాలే. లెక్కపెట్టుకో" అని రాజమౌళి వేలు అడ్డంగా ఆనిస్తూ పోయాడు. ఆయన అంగుళం విగ్రహాలు కొలిచే వేలి అంగుళం. తుల్సీరాంది ఇనుప బద్ద మీది అంగుళం.

"గిది తీస్కపోయి నీ దేవుని పల్లకికి పెట్టు!"

"దేవునికి ఉడుకుపోత ఉండదు భాయ్."

చివరికి అంగుళాలు రెండూ పక్కన పెట్టి, తాటాకును బండి మూతిలో ఆనించి కోసుకున్నారు. లారీ ఇంజను పొడుగు, దాని పంకకూ జాలికీ నడుమ మిగిలింది నాలుగువేళ్ల సందు. ఎత్తు పెంచితే బానెట్ మూసుకోదు. అందుకని ఆ సందులోనే పట్టేలా రాజమౌళి పాతదానిలో రెండు వరుసలున్న రాగి గొట్టాలను నాలుగు వరుసలు చేశాడు. ముందు వరుస సందుల్లోంచి వెనక వరుస తొంగిచూసేలా పేర్చి, పైనా కిందా ఇత్తడి తొట్లు కట్టి అతుకులకు మాట్లు వేశాడు. మూతులన్నీ బిగించి, ఒక్కటి విడిచి, మోటబావి తొట్టిలో ముంచి నన్ను ఊదమన్నాడు. నా చెంపలు పూరీల్లా పొంగాయి కాని నీళ్లలో ఒక్క బుడగ లేవలేదు.

ఆ వారమే దొర భూపాలపల్లి అడవికి వేటకు బయలుదేరాడు. పోనూ రానూ నూరు మైళ్ల పైచిలుకు. చుక్క నీళ్లు పోయలేదు. అడవిలో నేను బండి నీడన ఆపితే ఒక పెద్దపులి వచ్చి, చల్లగా ఉందని జాలికి వీపు ఆనించి పడుకుంది. హారన్ కొడితే విసుగ్గా నా వంక చూసి లేచిపోయింది. దొర అప్పుడు పులి కోసం ఇంకో దిక్కు వెతుకుతున్నాడు.

అంత బాగా నడిచిన బండిలో దొర మాత్రం ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏందిరా ఉప్పలిగా, రోడ్డు బోసిగున్నది?"

"బండి ఉడుకుతలేదు దొరా. నీళ్లతోని పనిలేదని ఆడోల్లు రాలే."

"నీళ్లతోని పనిలేకుంటే నాతోని లేదారా? కడవలు నిలవడకుంటే పోయేది దొరని ఎవ్వనికి ఎరుకైతది?"

మర్నాటి నుంచి మళ్లీ కడవలు. అంతటితో ఆగలేదు. రాజమౌళిని పిలిపించి, బండి ముందర పెద్ద ఇత్తడి సింహం ముఖం పెట్టమన్నాడు. దానికి తన మీసమే ఉండాలన్నాడు.

"జాలి గాలి తాగాలె దొరా. మూతి గట్టేస్తె దానికి ఊపిరాడది."

"నా మీసం ముందల గాలెంత?"

రాజమౌళి ఆ మీసంతోనే ముఖం చేసి తెచ్చాడు. సింహాన్ని బిగించి, పోతూపోతూ నా చెవిలో చెప్పాడు. "నాలుగు మరలే తమ్మీ. ఊడదీసుడు చిటికెల పని. గని దొర నోటితోని తియ్యమనాలె. నీ అంతట నువ్వు తీస్తివా, నీ వీపు ఊడుతది."

నేను ఇంటికి పోయి తలవంచుకుని సంగతి చెప్పాను. గట్టమ్మ తిట్టలేదు. తిట్టకపోతేనే నాకు భయం.

"నీళ్లొద్దట, కడవ మాత్రం ఉండాల్నట. అంతేనా?"

"అంతే."

"మంచిది. కడవ అంటే కడవే తీస్కపోత."

మర్నాడు మూతికి గుడ్డ కట్టిన ఖాళీ కడవ నెత్తిన పెట్టుకుని వెళ్లింది. నాలుగో రోజుకు రోడ్డు మీద కడవలన్నీ ఖాళీవే. దొరకు తెలియలేదు. అందరూ చూడాలని బండిని పెళ్లి ఊరేగింపులా మెల్లగా నడిపించేవాడు కాబట్టి సింహం వెనక జాలి కూడా ఎలాగో ఓర్చుకుంది.

అలా నెల గడిచింది. ఒకనాడు పొద్దున పదిగంటల వేళ డప్పులు మోగాయి. చుట్టుపక్కల ఊళ్ల సంఘం మనుషులు, కర్రలు పట్టుకుని, వెట్టి బంద్ అని కేకలు పెడుతూ దొర ఉండే గడి మీదికి వస్తున్నారు. దొర దొడ్డిదారిన వచ్చి బండెక్కాడు.

"జనగామ స్టేషన్‌కు కొట్టురా! ఆపకు!"

కొట్టాను. ఒక మైలు దాటేసరికి సింహం ముక్కులోంచి ఆవిరి. ఇంకో మైలుకు చెవుల్లోంచి. రెండో మైలురాయి దగ్గర మూత ఎగిరి బండి ఆగింది. గట్టమ్మ అక్కడే ఉంది, నెత్తిన కడవతో.

"నీళ్లు పొయ్యవే, జల్ది!" అన్నాడు దొర.

ఆమె కడవ దించి గుడ్డ విప్పి వంచింది. ఒక ఎండుటాకు రాలింది.

"నీళ్లేవి?"

"కడవ చాలన్నరు గద దొరా. బాయి గా మోదుగు చెట్టు కింద ఉన్నది. చేంతాడు ఆడనే ఉన్నది."

నేను కడవ అందుకోబోయాను. గట్టమ్మ నా చెయ్యి పట్టుకుంది. దొర ముందర ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"నువ్వాగయ్యా. నీ పని బండి నడుపుడు. వెట్టి బంద్ అయ్యిందట. డప్పు వినొస్తలేదా?"

వినొస్తూనే ఉంది. దగ్గరికి కూడా వస్తోంది. దొర నన్ను చూశాడు, వెనక రోడ్డు చూశాడు, కడవను చూశాడు. తర్వాత దాన్ని రెండు చేతులతో పట్టుకుని మోదుగు చెట్టు వైపు నడిచాడు.

మొదటి కడవ సగం ఆయన పంచె మీదే ఒలికింది. రెండోది చంకన పెట్టుకోబోతే జారింది. "సుట్టబట్ట పెట్టుకొని నెత్తికెత్తుకో దొరా, అలవాటైతది" అంది గట్టమ్మ మర్యాదగానే. మూడు తడవలు తిరిగాడు.

"సింహాన్ని తియ్యాల్నా దొరా?" అని అడిగాను.

"తీయ్" అన్నాడు, నా ముఖం చూడకుండా.

జాలికి గాలి తగిలింది. జనగామ దాకా బండి మూలగలేదు. దొర హైదరాబాదు రైలెక్కాడు. నేను తిరిగి వస్తుంటే గట్టమ్మ రెండో మైలురాయి మీద కూర్చుని ఉంది. కడవ కింద బోర్లించి ఉంది. బండి ఆపగానే ఆమె దొర కూర్చున్న సీట్లోనే ఎక్కి కూర్చుంది.

"పోనియ్. పిల్లకు పాలు తాపే యాళ్లయింది" అంది. పక్కనున్న సింహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది మన నీళ్లబాన మీదికి మూత పనికొస్తది."

పనికొచ్చింది. మా ఇంట్లో ఎవరికి దాహమైనా, ఇప్పటికీ ఆ మీసం పట్టుకునే మూత తీస్తాం.