పాలు ఒలికాయా?

"పాలు ఒలికాయా?" అన్నాడు అనూప్, గరాజ్ తలుపు దగ్గర నుంచే.

మంగళవారం పొద్దున్న. మేముండే ఊరు నోవైలో రెండు రోజులుగా మంచు పడుతోంది. డ్రైవ్‌వేలో మంచు కరగడానికి ఉప్పు చల్లుతానన్న మనిషి చల్లలేదు. కారు ట్రంక్‌లోంచి పాల క్యాన్ తీసుకుని రెండడుగులు వేశానో లేదో, కాలు జర్రున జారి వెల్లకిలా పడ్డాను. తల కాంక్రీటుకి కొట్టుకున్న చప్పుడు నాకే వినిపించింది. క్యాన్‌ని మాత్రం పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పొట్ట మీద పట్టుకునే ఉన్నాను. "లేదు, ఒలకలేదు" అన్నాను. గబుక్కున లేచి, ఊలు టోపీ సర్దుకుని, నవ్వాను కూడా. "హమ్మయ్య. అమ్మ కాఫీ అడుగుతోంది" అని అతను లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ అడిగినవాడు ఎవరనుకున్నారు? మా ఆయనే, మెదడు డాక్టరు. అందులోనూ తల దెబ్బలకి పెట్టింది పేరు. ఒక ప్రొఫెషనల్ ఐస్ హాకీ జట్టుకి పనిచేస్తాడు, ఏ జట్టో చెప్పను, చెప్పకూడదని ఒప్పందంలో ఉందట. ఐస్ హాకీ అంటే, కాళ్ళకి కత్తులు కట్టుకుని ఒకళ్ళమీదకొకళ్ళు దూకడం. కోడిపందెం చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అనూప్ స్టేడియం పైన అద్దాల గదిలో కూర్చుని ఎవడి తలకి దెబ్బ తగిలిందా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తాడు. అనుమానం వస్తే చాలు, ఫోన్‌లో ఒక్క మాట చెప్తాడు, ఆ ఆటగాణ్ణి బయటికి తీసుకొచ్చేస్తారు. చీకటిగా, చప్పుడు లేకుండా ఉండే గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేస్తారు. ఆ గదిలోకి కోచ్ కూడా రాడట. ఆటగాణ్ణి "బావున్నావా" అని అడిగి వదిలేయడం ఉండదు. అడిగితే ప్రతివాడూ ఒకటే చెప్తాడు, ఏం కాలేదని.

ఆ గది గురించి మొదటిసారి విన్నప్పుడే నాకు కడుపు మండింది. పదమూడేళ్ళ కాపురంలో నన్నెవరూ అలాంటి గదిలో కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు నాకు ఆ జట్టులో ఆడే డిలన్ మీద కుళ్ళు. దాచుకోవడం దేనికి? వేరే ఆడదాని మీద అయితే నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. ముందు పళ్ళు రెండు లేని ఇరవై రెండేళ్ళ కుర్రాడి మీద అసూయ అంటే ఎవరు నమ్ముతారు? కిందటి శనివారం ఆటలో అతను మైదానం చుట్టూ ఉండే అద్దం గోడకి గుద్దుకుని ఒక్క క్షణం తూలాడు. వేలమంది జనంలో ఆ తూలడం అనూప్‌కి కనిపించింది. అప్పట్నుంచి ఇంట్లో అతని గొడవే. డిలన్‌కి నిద్ర పట్టిందో లేదో. డిలన్ ఒంటరిగా ఉంటాడు, వేళకి తింటున్నాడో లేదో. నేను వేళకి తిన్నానో లేదో కనుక్కున్న మనిషి ఈ ఇంట్లో ఒక్కరుంటే చూపించండి.

గురువారం మధ్యాహ్నం అనూప్ ఇంటి నుంచే పని చేస్తున్నాడు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. స్పీకర్‌లో డిలన్. అనూప్ గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు తెలియదు, చంటిపిల్లల్ని నిద్ర లేపేటప్పుడు ఉంటుందే, అలా. తలనొప్పి ఉందా అని అడిగాడు. ఉంది, అన్నాను నేను మూకుడుతో. వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా? ఉంది, మంగళవారం నుంచి స్టవ్ మీది లైటు వేయడం మానేశాను. వాసనలకి వికారంగా ఉందా? ఇంగువకి కడుపులో దేవుతోంది. మాటలు మర్చిపోతున్నావా? మా అమ్మాయి ఆద్య పొద్దున్నే అడిగింది, "అమ్మా, యు ఓకే? సేమ్ థింగ్ టూ టైమ్స్ చెప్పావ్" అని. డిలన్ అన్నిటికీ లేదు, లేదు అన్నాడు. అనూప్ నవ్వి, "నువ్వు అలాగే చెప్తావని నాకు తెలుసు, అందుకే నేను నమ్మను" అన్నాడు ఇంగ్లీషులో. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చి, "ఏంటి పోపు మాడింది?" అన్నాడు.

ఆ సాయంత్రం మా డోర్‌బెల్ కెమెరాలో మంగళవారం వీడియో వెతికి చూశాను. చూడటం నాకు అలవాటే. రెండు చలికాలాలుగా అనూప్ రీసెర్చ్‌కి ఆట వీడియోలన్నీ చూసింది నేను. గుంటూరులో ఫిజియోథెరపీ చదివాను, ఇక్కడ లైసెన్స్ పరీక్షలు రాస్తానంటే "ఆద్య కొంచెం పెద్దదవనీ" అన్నాడు. ఆద్యకి పన్నెండేళ్ళు వచ్చాయి. ఈలోగా బట్టలు మడతపెడుతూ మూడు వేల పైచిలుకు గుద్దులు చూసి, ఎవడు ఎలా పడ్డాడు, ఎన్ని సెకన్లకి లేచాడు అని ఒక్కొక్కటీ కంప్యూటర్లో ఎక్కించాను. నెమ్మదిగా లేచినవాళ్ళని అందరూ కనిపెడతారు. గబుక్కున లేచి హెల్మెట్ సర్దుకునేవాళ్ళే దెబ్బ దాచి ఎక్కువ మోసం చేస్తారని అనూప్‌కి చెప్పింది నేను. "ఇంట్రెస్టింగ్" అన్నాడు. ఆ ముక్కే రీసెర్చ్ పేపరైంది. పెద్ద జర్నల్‌వాళ్ళు తీసుకున్నారు. చివర్లో నా పేరు ఉంది, ఓపిక పట్టినందుకు నా భార్య హైమకు కృతజ్ఞతలు అని.

వీడియోలో ఆ ఆడమనిషి పడింది. తల తగిలింది. రెండు సెకన్లలో లేచింది. టోపీ సర్దుకుంది.

ఆదివారం ఆ పేపరు వచ్చిన సంతోషానికి మా ఇంట్లో భోజనాలు. పన్నెండు మంది. శనివారం నాకు రెండుసార్లు వాంతి అయింది. "అత్తయ్యా, బయట నుంచి తెప్పిద్దామా?" అన్నాను రాధారాణి గారితో. "వాడు ఇంత సాధించాడు, ఇంటి వంట లేకపోతే ఏం బావుంటుందమ్మా" అన్నారావిడ. నేను ఆవిడ కొడుకుని నువ్వు అనడమే ఆవిడకి ఇప్పటికీ మింగుడు పడదు, ఇంక వంట మానేస్తానంటే ఊరుకుంటారా. తల మీద రోలు పెట్టుకున్నట్టుంది. అలాగే పులిహోర కలిపాను, గారెలు వేశాను. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశానట. "ధ్యాస ఎక్కడుందో మా కోడలికి" అన్నారు అత్తగారు అందరి ముందూ. "మా హైమకి కూడా బ్రెయిన్ టెస్ట్ చేయాలి" అన్నాడు అనూప్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

భోజనాలయ్యాక కాఫీకి పాలు స్టవ్ మీద సన్నసెగన పెట్టాను. హాల్లో అనూప్ టీవీలో ఆట క్లిప్పులు పెట్టి లెక్చర్ మొదలెట్టాడు. రిటైరైన సర్జన్ యజ్ఞనారాయణ గారు, "అసలు ఈ పాయింట్ నీకెలా తట్టిందయ్యా?" అని అడిగారు.

"చూస్తూ ఉంటే అలా తట్టేసిందండీ" అన్నాడు.

నా చేతిలో కప్పుల ట్రే ఉంది. కింద పెట్టేశాను. ఆ క్షణంలో నాకు డిలన్ మీద కుళ్ళు పోయింది. పాపం ఆ కుర్రాడు నా దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు.

అనూప్ మూడు క్లిప్పులు వేసి, వీళ్ళలో ఎవరి తలకి దెబ్బ తగిలిందో చెప్పండి చూద్దాం అన్నాడు. ఒకళ్ళు మొదటివాడన్నారు, ఇంకొకళ్ళు రెండోవాడన్నారు.

"మూడోవాడు" అన్నాను. "తొందరగా లేచాడు. హెల్మెట్ సర్దుకున్నాడు."

"ఓహో, హైమకి కూడా వచ్చేసిందే" అన్నాడు అనూప్.

"ఇంకొకటుంది. అది కూడా చూసి చెప్పు" అని నా ఫోన్‌లోంచి టీవీకి పెట్టాను.

తెర మీద మా డ్రైవ్‌వే. మంచు. నీలం కోటులో ఆడమనిషి, చేతిలో పాల క్యాన్. పడింది. తల కాంక్రీటుకి కొట్టుకున్న చప్పుడు స్పీకర్లలో బాగా పెద్దగా వినిపించింది. ఎవరో "అయ్యో" అన్నారు. ఆవిడ గబుక్కున లేచింది, టోపీ సర్దుకుంది, నవ్వింది. ఆ వెంటనే అనూప్ గొంతు వచ్చింది, పాలు ఒలికాయా అని.

ఆద్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఐదు రోజులైంది" అన్నాను. "తలనొప్పి, వెలుతురు పడటం లేదు, నిన్న రెండు వాంతులు. ఈవిణ్ణి ఆటలోంచి తీసేయాలా, వద్దా? నువ్వే చెప్పు డాక్టర్."

అనూప్ దగ్గరికి వచ్చాడు. "హైమా, తలనొప్పి ఎలా ఉంది ఇప్పుడు? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. అదే గొంతు, గురువారం నాటి ఆ మెత్తని గొంతు. దాని కోసమే కదా ఇన్ని రోజులూ ఏడ్చి చచ్చాను. తీరా వచ్చేసరికి అది నాకు అక్కర్లేకపోయింది.

"దెబ్బ తిన్నవాళ్ళని అడగకూడదని నీ పేపర్లోనే ఉంది కదా. ఆ వాక్యం నేనే రాశాను" అన్నాను.

యజ్ఞనారాయణ గారి భార్య వసుంధర గారు అప్పటికే కోటు వేసుకుని కారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఏళ్ళు భర్త క్లినిక్‌లో జీతం లేకుండా ఫ్రంట్ డెస్క్ చూసినావిడ. "పద హైమా, హాస్పిటల్‌కి నేను తీసుకెళ్తాను" అన్నారు.

"అతిథుల్ని వదిలేసి ఎక్కడికమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"నేను తీసుకెళ్తా ఉండు. ఐయామ్ ఎ డాక్టర్, ఫర్ గాడ్స్ సేక్" అన్నాడు అనూప్, గుమ్మానికి అడ్డం వస్తూ.

నేను నీలం కోటు తొడుక్కున్నాను. ఈసారి టోపీ సర్దుకోలేదు, తలకి నొప్పిగా ఉందని చేతిలోనే పట్టుకున్నాను.

"నువ్వుండు" అన్నాను. "స్టవ్ మీద పాలున్నాయి. ఒలక్కుండా చూసుకో."