నలభై ఒకటిలో నడిమి ఇల్లు

"నెలకు నూనె ప్యాకెట్లు ఎన్ని వడుతున్నయి రాజమ్మా?"

చందానగర్ మార్కెట్ వెనక సందులో, మూడో అంతస్తు పైన వేసిన రేకుల గదిలో, సక్కుబాయి చాప మీద కూర్చుని కాగితాల అట్టను మోకాలికి ఆనించుకుంది. సన్నటి మనిషి. పద్నాలుగేళ్లు ఒకే భుజాన సంచి మోసి ఆ భుజం కాస్త కిందికి జారింది. నెరిసిన ముడిలో రంగుపోయిన తలపిన్ను ఒకటి. ఆదాయమెంత అని ఆమె ఏ ఇంట్లోనూ అడగదు. అడిగితే లేనివాడు పరువు కోసం పెంచుతాడు, ఉన్నవాడు దిష్టికి భయపడి తగ్గిస్తాడు. నూనె, గ్యాసు బండ, కిరాయి అడుగుతూ పోతే జీతం మాట దానంతటదే బయటికొస్తుంది.

"మూడు. పండుగొస్తే నాలుగు," అంది రాజమ్మ. "గింత దూరమొచ్చి నూనె లెక్క అడుగుతున్నవ్. నీకేం పని లేదా అక్కా?"

"గిదే నా పని."

తెల్లాపూర్ అవతల ఓ ఊళ్లో నలభై ఒక్క కుటుంబాలు సక్కుబాయివి. సర్వే కాగితాల మీదే లెండి. ఏటా వాళ్లనే కలవాలి. తక్కువ సంపాదించే ఇంటి నుంచి ఎక్కువ సంపాదించే ఇంటి దాకా వరసగా పేరిస్తే, సరిగ్గా మధ్యన నిలిచే ఇంటి ఆదాయమే ఊరి లెక్క. భూములమ్మి ఇద్దరు కోట్లు చూశారు. అయినా నడిమి ఇంటి లెక్క పైకి జరగలేదు. డబ్బున్నవాడు ఎంత ఎగిరినా కదల్చలేని లెక్క అని సక్కుబాయికి దాని మీద గౌరవం.

ఈ ఏడు వెళ్లేసరికి, ఆ అమ్మిన భూముల్లోని ఆరు కిరాయి ఇళ్లు నేలమట్టమై ఉన్నాయి. అందులోని వాళ్లు తలో దిక్కుకు పోయారు. కిరాణా కొట్లలో, ఆటోస్టాండుల్లో వాకబు చేసి, సొంత చార్జీలు పెట్టుకుని ఐదు కుటుంబాలను పట్టుకుంది. ఆరోది రాజమ్మది. పదకొండు రోజులు తిప్పింది. తల్లి ఒక ఆఫీసు టవరులో ఊడుస్తుంది, కూతురు బట్టల దుకాణంలో నిలబడుతుంది. ఇద్దరికీ కలిపి ఇరవై ఐదు వేలు.

లోకల్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, మధ్యాహ్నానికి సర్వే కంపెనీ ఆఫీసు చేరింది. తొమ్మిదో అంతస్తులో బల్ల మీద కాగితాలు పేర్చింది. అడుగున తక్కువ, పైన ఎక్కువ. ఇరవై ఒకటోది రాజమ్మ కాగితం! సక్కుబాయికి నవ్వొచ్చింది. ముడిలోంచి తలపిన్ను తీసి, ఎప్పటిలాగే నడిమి కాగితానికి గుచ్చింది.

మేనేజరు గిరీష్ వచ్చి చూశాడు. కడప పిల్లాడు, మంచివాడే. మంచితనం జీతం దాకా వచ్చి ఆగిపోతుంది.

"ఇట్లయితే ఎట్లమ్మా? ఆ ఆరిండ్లు ఊర్లోనే లేవు గదా. ఊరి హద్దులోనే విల్లాలుండాయి. వాటి బదులు ఆరు విల్లాలు తీసుకుందాం. నడిమి లెక్క ముప్పై ఎనిమిది వేలు వస్తాది. జనం బాగుపడినారని సర్వే చేయించే క్లయింటు చూపించుకోవల్లంట."

నడిమి కాగితంతో కలిపి కింది సగంలోంచి ఆరు లాగి పైన ఆరు పెడితే పిన్ను ఆరు కాగితాలు పైకెక్కుతుంది. మనుషులెవరూ ఎక్కరు. సక్కుబాయికి ఒళ్లు మండింది.

"నేను గోడల్ని సూడ సారూ, మనుషుల్ని సూస్త. సచ్చిపోతే పేరు కొట్టేస్త. ఎల్లగొడితే కొట్టేయ. మొదటి ఏడు గీ ఆఫీసులనే నేర్పిన్రు నాకు."

"కొత్త ఫారం మీద సంతకం పెట్టకపోతే మీ కాంట్రాక్టు ఈ నెలతో సరి. నా చేతుల్లో ఏమీ లేదమ్మా."

ఆమె జీతం పదహారు వేలు. భర్త పోయాక ఇంట్లో సంపాదన అదొక్కటే. ఆ వరసలో తనను పెడితే అడుగు నుంచి పదకొండో చోటు. ఎప్పుడో చూసుకుంది. ఆమె ఇంట్లో నూనె ప్యాకెట్లెన్నో మాత్రం ఎవరూ అడగలేదు. ఒకటి.

ఊరి లెక్క వేసే పాత ఫారం మీద అంకెల్లో రాసింది. సున్నాలకు కాళ్లొస్తాయేమోనని పక్కనే అక్షరాల్లో కూడా రాసింది: ఇరవై ఐదు వేలు. సంతకం పెట్టింది.

"లెక్క నాది, సంతకం నాది. మార్చుకుంటే కింద నీ పేరు రాసుకో బిడ్డా."

గిరీష్ పెన్ను తీశాడు. సంతకం చోటు చూశాడు. పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి సక్కుబాయి లిఫ్టెక్కింది. కింద గేటు దాటుతుంటే గాలికి ముడి జారి జుట్టు భుజాల మీద పడింది. తడుముకుంది. పిన్ను లేదు. వెనక్కి వెళ్లబుద్ధి కాలేదు. అట్లాగే జుట్టు విరబోసుకుని, రోడ్డు మధ్యలోంచి నడిచినంత ధీమాగా స్టేషను దారి పట్టింది.

తొమ్మిదో అంతస్తులో, కింద ఇరవై, పైన ఇరవై కాగితాల మధ్య, ఆ రంగుపోయిన పిన్ను రాజమ్మ ఇంటిని పట్టుకునే ఉంది.