సంచిలో కలిపిన పూసలు

పూసలావిడ నోటికి జడిసి ఆవిడ కొట్లో బేరమాడే మొనగాళ్లు లేరు. అలాంటి మనిషి, కూతురు ఒక్క మాట అడిగేసరికి నీరుగారిపోయింది.

"అమ్మా, ఇవెవరివే?" అంటూ కూతురు కుట్టుమిషను సొరుగులోంచి పాత క్రిస్టల్ పూసల దండ పైకి తీసింది.

"ఎవరివైతే నీకెందుకే? పాత సామాన్లలో వచ్చాయి. అక్కడ పెట్టు."

"పెట్టను. ఉద్యోగంలో చేరే రోజుకి హారం చేస్తానన్నావుగా, కొత్తవాటితో ఇవీ కలిపి గుచ్చు. ఎంత బావున్నాయో చూడు!"

అవి పూసలావిడ అక్కవి. అంటే, ఆ పిల్లను కన్నతల్లివి. పిల్లకు ఊహ తెలియకముందే ఆ తల్లి కన్నుమూసింది. కడదాకా ఆమె మెడలో ఉన్న దండ అది. "పిల్లతో ఒక్క ముక్క అన్నారో, జన్మలో మీ గుమ్మం తొక్కను" అని చుట్టాలందరి నోళ్లూ కట్టేసి, పూసలావిడ తనే అమ్మ అయి కూర్చుంది. అది పాపమో పుణ్యమో మీరే తేల్చుకోండి, నన్నడక్కండి. 'అమ్మా' అన్న ఆ పిలుపు పోతే మాత్రం ఆవిడ బతకలేదు. అక్క పూసలు పిల్ల ఒంటిని తాకడం ఆవిడకు సుతరామూ ఇష్టం లేదు.

కాదంటే పిల్ల ఊరుకునే రకమా? ఎందుకు, ఏమిటి అని ఆరా తీస్తుంది. అందుకని కొత్తవాటినే పాతవని నమ్మించాలని పూసలావిడ ఒక ఎత్తు వేసింది. కొత్త పూసల అంచులు పదునుగా వేలికి తగులుతాయి. పాతవి మెడ రాపిడికి అరిగి నున్నగా ఉంటాయి. కొత్తవాటికి పాతరూపు రావాలంటే ఆవిడకు తెలిసిన పద్ధతి ఒకటే, రెండింటినీ గుడ్డసంచిలో పోసి ఊపడం. అక్క దండ తెంపి, కొత్తవాటిలో సగం కలిపి, జబ్బలు లాగేదాకా గలగలా ఊపింది. తరవాత సూదితో ఏరింది. ఏళ్ల తరబడి దారం ఒరిసిన పాత పూసలో సూది వదులుగా ఆడుతుంది, కొత్తదాంట్లో బిగుసుకుంటుంది. వదులువన్నీ సొరుగులో పోసి, బిగువుగా ఉన్నవాటినే మిగతా కొత్తవాటితో కలిపి గుచ్చింది. అనుమానం తీరక ఒక్కొక్కదాన్నీ మళ్లీ చూసుకుంది కూడా.

"ఇదిగో తల్లీ, నీ పాతవీ కొత్తవీ!" అని నవ్వుతూ పిల్ల మెడలో వేసి, వెనక హుక్కు పెట్టింది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పూసలు వెచ్చగా ఉన్నాయి. మండువేసవిలోనైనా నీడపట్టున ఉన్న క్రిస్టల్ ముందు చల్లగానే తగులుతుంది. ఇవేమో అప్పుడే ఎవరి మెడలోంచో తీసినట్టున్నాయి.

గబగబా వెళ్లి సొరుగు లాగింది. అందులోని పూసలు తళతళలాడుతున్నాయి. వేలు పెడితే చురుక్కుమంది, రక్తం చుక్క తేలింది. సంచి ముఖమే ఎరగని కొత్త పూసలు! తన చేత్తో ఏరి పోసినవి ఏమైపోయాయి? పట్టపగలు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండగా, ఆవిడకు ఒళ్లు జల్లుమంది.

"తియ్యవే, తియ్యి! ముడి సరిగ్గా పడలేదు, మళ్లీ గుచ్చి ఇస్తా" అని కత్తెర పుచ్చుకుని పరుగెత్తుకొచ్చింది.

పిల్ల అద్దం ముందు కళ్లు మూసుకుని నిలబడి ఉంది. మెడలోని పూసలను రెండు అరచేతులతో అదుముకుంది. ఎవరో చెవిలో చెబుతున్నట్టు తల ఒక పక్కకు వాల్చింది. చంటిదానిగా ఉన్నప్పుడు కూడా తన ఒళ్లో ఆ పిల్ల అంత నిశ్చింతగా ఉండటం పూసలావిడ చూడలేదు. అక్క మీద కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. కత్తెర దారం దాకా తీసుకెళ్లింది.

"ఏమిటే ఆ నిలబడటం? మాట్లాడవేం?"

పిల్ల కళ్లు తెరవలేదు.

"తెంపకు పిన్నీ" అంది మెల్లగా. "అమ్మ చేతులు ఎప్పుడూ ఇంత వెచ్చగా ఉండేవా?"