బండికి రెండో రోజు

రోజూ పొద్దున్నే శ్రీదుర్గ బుల్డోజరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తుంది. షెడ్డులో వాళ్లు దాన్ని ప్రదక్షిణ అనే అంటారు, వెక్కిరింపుకే అయినా. ఆమె దణ్ణం మాత్రం పెట్టదు. వంగి బండి కింద నేల చూస్తుంది, ఎక్కడైనా ఆయిల్ చుక్క పడిందేమోనని. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తుంది. రేడియేటర్ మూత చల్లగా ఉండగానే విప్పుతుంది. డీజిల్ ట్యాంకు అడుగునున్న మర తిప్పి, అడుక్కి దిగిన నీటిని వదిలేస్తుంది. బందరు గాలిలో సముద్రం ఉంటుంది, మూత పెట్టిన డీజిల్లోకి కూడా దూరుతుంది. చివరికి చక్రాల చుట్టూ తిరిగే ఇనప చెయిన్ మీద కాలు పెట్టి నిలబడి అది ఎంత కుంగిందో చూస్తుంది. మరీ వదులైతే ఊడిపోతుంది, మరీ బిగిస్తే అరిగిపోతుంది.

ఆపరేటర్ గణపతి మాత్రం చెయిన్ ఎంత బిగిస్తే అంత బలం అనుకుంటాడు. కాపురం గురించి కూడా ఆయన సిద్ధాంతం అదే. అందుకే ఆయన భార్య ప్రేమమ్మ ఏడాదిలో సగం పామర్రులో పుట్టింట్లోనే ఉంటుంది. చెయిన్ తెగినా, ప్రేమమ్మ వెళ్లిపోయినా తప్పు తనది కాదంటాడు.

శ్రీదుర్గ ఇంజన్ల మధ్య పెరిగింది. తండ్రి బంగార్రాజు గిలకలదిండి హార్బర్లో మరబోట్ల ఇంజన్లు బాగుచేసేవాడు. తల్లి కోటమ్మ అదే రేవులో చేపలు వేలంలో పాడుకుని అమ్మేది. తండ్రి పోయాక ఆయన పానాలు కూతురికొచ్చాయి. వాటితో ఆమె చల్లపల్లి రోడ్డు మీద, కరకట్టల పనులు చేసే ఒక కాంట్రాక్టరు షెడ్డులో మెకానిక్‌గా చేరింది. పెద్ద బండ్ల లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆమెకి కావలసింది చేతిలోని గ్రీజు గన్ను కాదు, బండి మీది సీటు. అడిగినప్పుడల్లా సూపర్‌వైజర్ బాబూరావు చూద్దాం అనేవాడు. ఆడదానితో చూద్దాం అన్న మగాడు కళ్లు మూసుకునే ఆ మాట అంటాడని కోటమ్మ చెప్పేది.

ఒక నెల శ్రీదుర్గ కడుపునొప్పిగా ఉందని సెలవడిగింది. ఏం నొప్పి అని బాబూరావు అడిగాడు. ఆమె చెప్పింది. అబద్ధమాడటం చేతకాక కాదు, సిగ్గుపడటానికి తీరిక లేక. బాబూరావు చప్పున వెనక్కి జరిగాడు. కడుపునొప్పికి సెలవు లేదన్నాడు. అయితే దసరాకి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు తొక్కించిన బండి కాబట్టి ఆ రోజుల్లో దాన్ని ముట్టుకోవద్దన్నాడు. షెడ్డు గుమ్మం తొక్కొద్దన్నాడు. ఆ రోజులకి జీతం ఉండదన్నాడు. అంటే ఆ షెడ్డులో నొప్పికి సెలవు లేదు, మైలకి ఉంది.

ఈ చట్టం శ్రీదుర్గకి కొత్త కాదు. రేవులో పడవలకీ వలలకీ ఇదే చట్టం. కోటమ్మ దాని మీద ఒకే మాట అనేది. "వల ముట్టుకుంటే చేప పడదంట. ఆ చేప అమ్మిన డబ్బు ముట్టుకుంటే మాత్రం ఏ దేవుడికీ ఏమీ అవదంట."

శ్రీదుర్గ అలా ఇంట్లో కూర్చున్న మొదటి పొద్దుటే బండి స్టార్ట్ కాలేదు. గణపతి సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చార్జింగ్ దించేశాడు. వంగి చూస్తే బండి పొట్ట కింద నేల మీద ఎర్రటి మరక. పైన హోసులన్నీ పొడిగా ఉన్నాయి. సీళ్లు బాగున్నాయి. గేర్ ఆయిల్ గీత దగ్గరే ఉంది, చుక్క తగ్గలేదు. అయినా ఎర్రటి చుక్కలు నింపాదిగా పడుతూనే ఉన్నాయి. మూడో రోజు సాయంత్రానికి వాటంతటవే ఆగిపోయాయి. మర్నాడు శ్రీదుర్గ వచ్చి, తన ప్రదక్షిణ ముగించి తాళం తిప్పగానే బండి దడదడలాడుతూ లేచింది.

మరుసటి నెలా అంతే. ఆ పై నెలా అంతే. శ్రీదుర్గకి రెండు రోజులు వెనకబడితే బండికీ వెనకబడేది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక ఇంట్లో మసిలే అక్కచెల్లెళ్లకి అలాగే జరుగుతుంది కదా. బాబూరావుకి ఆచారం తప్పకపోవడం ముఖ్యం. పొక్లెయిన్‌కి గొలుసు కట్టించి, బండిని షెడ్డులోంచి లాగించి, బయట ఎండలో పెట్టించాడు. ఆ మూడు రోజులూ దానికి బొట్టు లేదు, అగరొత్తి లేదు. పని ఎందుకు ఆగిందని కాంట్రాక్టరు ఫోన్ చేస్తే, "బండికి ఇవాళ రెండో రోజండీ" అని మర్యాదగా చెప్పేవాడు. అవతలి నుంచి అంతే మర్యాదగా సరే అని వచ్చేది. ఇనుము మాట మగవాళ్లకి ఎంత తొందరగా అర్థమవుతుందో.

చివరికి బండి కంపెనీ వాళ్లు విజయవాడ నుంచి లలితాంబ అనే సర్వీస్ ఇంజనీర్ని పంపారు. ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకుని బండి కిందకి దూరి, పొద్దెక్కేదాకా అక్కడే ఉంది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, బండిని రోజూ చూసేది ఎవరని అడిగింది. శ్రీదుర్గ అని చెప్పారు. ఆ అమ్మాయి ఏదని అడిగింది. ఈ రోజుల్లో రాదని చెప్పారు. లలితాంబ బాబూరావు వైపు తిరిగింది.

"లీకు లేదండీ," అంది. "దీనికి మందు మా కంపెనీ దగ్గర లేదు. మీ దగ్గరే ఉంది."

బాబూరావు ఆవిడకి కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాడు. మందేమిటో మాత్రం అడగలేదు.

ఆ ఏడు వానాకాలం వెళ్లిపోతూ ఒక తుఫానుని తీసుకొచ్చింది. దివిసీమలో, నాగాయలంక దిగువన కరకట్ట ఒకచోట కోసుకుపోయి, అరిగిన చెప్పులా పల్చబడింది. ట్రైలర్ మీద డోజర్ని తీసుకెళ్లి పని మొదలెట్టారు. పొక్లెయిన్ మట్టి తవ్వి పొయ్యగలదు గానీ, దాన్ని నెట్టి, తొక్కి గట్టి చెయ్యాల్సింది డోజరే. సగం పని కాగానే శ్రీదుర్గకి నెలసరి వచ్చింది. చట్టం ప్రకారం పానాల సంచీ సర్దుకుని, బస్సెక్కి గిలకలదిండి వెళ్లిపోయింది. ఆమె బస్సు పులిగడ్డ దాటేలోపు, బ్లేడు మట్టిలో ఉండగానే డోజరు ఆగిపోయింది. నల్లరేగడి మీద ఎర్రటి చుక్కలు పడసాగాయి. తడిసిన కట్ట మీదకి ఇంకో బండి వచ్చే దారి లేదు. తుఫాను తోసుకొచ్చే సముద్రం నీళ్లు మర్నాడు సాయంత్రం పోటుకి కట్టని తాకుతాయన్నారు. ఉప్పెన అన్న మాట అక్కడ ఎవరూ పైకి అనరు. మనసులో మాత్రం అందరూ అదే అనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే బాబూరావు కారేసుకుని గిలకలదిండి వచ్చాడు. బోట్లన్నీ ఒడ్డుకి చేరి ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. కోటమ్మ అరుగు మీద ఎండుచేపల గంపల మీద పట్టా కప్పుతోంది. ఆయన గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు.

"అమ్మాయి ఉందా అండీ?"

"ఉంది. మూల కూర్చుంది. మీరేగా కూర్చోమంది."

"బండి ఆగిపోయిందండీ."

"మూడో రోజు వెళ్లాక లేస్తదిలే బాబూ. కంగారెందుకు?"

"ఇంకా రెండో రోజేనండీ," అన్నాడు బాబూరావు దిగులుగా.

శ్రీదుర్గ గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఆమె మొహం చూడలేక, పక్కనున్న నీళ్ల డ్రమ్ముతో మాట్లాడుతున్నట్టు, ఒక్కసారి వచ్చి బండి మీద చెయ్యి వెయ్యమని అడిగాడు.

"ముట్టుకోకూడదు గదండీ."

"ఇది వేరమ్మా."

"వేరు కాదండీ, ఇదే. ముట్టుకుంటే సీట్లో కూర్చునే ముట్టుకుంటాను. ఇవాళొక్కరోజుకి కాదు. ఇకనుంచి ఆ సీటు నాది. ఏ రోజు రావాలో, ఏ రోజు రాకూడదో నా ఒళ్లు నాకు చెబుతుంది, మీరు కాదు. చూద్దాం అనేట్టయితే అనండి, మా అమ్మకి గంపలు లోపల పెట్టాలి."

చెప్పులు ఆమె అప్పటికే వేసుకుంది. పానాల సంచీ తలుపు వెనకే ఉంది. కట్ట కింద ఊళ్లున్నాయని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. తాను ఎలాగూ బయల్దేరేదేనని ఆమె కూడా బాబూరావుకి చెప్పక్కర్లేదు.

బాబూరావు డ్రమ్ము మీంచి చూపు తిప్పి, మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "సరే," అన్నాడు.

కట్ట మీద గణపతి వానలో తడుస్తూ సీట్లోనే ఉన్నాడు. ఫిల్టర్లు మార్చాడు, డీజిల్ పైపుల్లో గాలి తీశాడు, తెలిసినవన్నీ చేశాడు. ఏమీ తోచక చెయిన్ ఇంకాస్త బిగించాడు. శ్రీదుర్గ ఎప్పట్లాగే ప్రదక్షిణ మొదలెట్టింది. వంగి నేల చూసింది. ట్యాంకు అడుగున నీళ్లు వదిలింది. చెయిన్ దగ్గర వాల్వు విప్పి, దాన్ని బిగించి ఉంచే గ్రీజు కొంచెం బయటికి పోనిచ్చింది. బిగుసుకుపోయిన చెయిన్ నిట్టూర్చినట్టు కుంగింది. బానెట్ మీద అరచెయ్యి ఆన్చి కాసేపు ఉంచింది.

గణపతి పైనుంచి చూస్తున్నాడు. "నొప్పిగా ఉందా అమ్మాయ్?" అని అడిగాడు.

అంతవరకు ఆ షెడ్డులో ఏ మగాడూ అడగని మాట అది.

"ఉంది బాబాయ్. పని చెయ్యలేనంత లేదు."

గణపతి దిగాడు. దిగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ మెట్టెక్కి, మెడలో తువ్వాలు తీసి సీటు తుడిచాడు.

ఆమె కూర్చుని తాళం తిప్పింది. బండి ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, లేచింది. ఎర్రటి చుక్కలు ఆగలేదు. బండీ ఆగలేదు. కట్ట పొడవునా మట్టి నెడుతూ, తొక్కుతూ, వెనక్కొచ్చి మళ్లీ నెడుతూ పోయింది. వెనక చెయిన్ అచ్చుల మధ్య ఎరుపు, దాని మీద వాన. కూలీలు దాన్ని దాటుకుంటూ ఇసుక బస్తాలు మోశారు, ఎవరూ కాళ్లు కడుక్కోలేదు. పొద్దు వాలే వేళకి పోటొచ్చింది. నీళ్లు కొత్త కట్టని ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా తడిమి చూసి, సందు దొరక్క, వచ్చిన దారినే వెళ్లాయి.

తర్వాత గణపతి పొక్లెయిన్ మీదకి మారాడు. దాని చెయిన్ ఎంత వదులుండాలో శ్రీదుర్గని అడిగి మరీ పెడుతున్నాడు. ప్రేమమ్మ పామర్రు నుంచి వచ్చి కొన్నాళ్లయింది. ఉండిపోతుందో లేదో ఇంకా చెప్పలేదు.

మరుసటి నెల ఒక పొద్దున శ్రీదుర్గ బాబూరావుకి ఫోన్ చేసి, ఇవాళ రావడం లేదని చెప్పింది. ఎందుకని అడగబోయి ఆయన షెడ్డులోకి చూశాడు. బండి పొట్ట కింద అప్పుడే మొదటి చుక్క పడుతోంది. ఈసారి పొక్లెయిన్‌ని పిలవలేదు. బండి షెడ్డు నీడలోనే ఉంది, బొట్టు చెరపలేదు. జీతమూ కొయ్యలేదు.

ఆ పై నెల నొప్పి అంతగా లేదు. చుక్కలు పడుతుండగానే శ్రీదుర్గా బండీ ఇద్దరూ పనికి వెళ్లారు.

రెండుసార్లూ కారణం ఎవరూ అడగలేదు.